అడ్డపడక

రోజు 112

నొప్పి గది పుస్తకంలో నాలుగు గళ్లుంటాయి. తల ఎడమకు ఎంత తిరిగింది, కుడికి ఎంత తిరిగింది, వారంలో తలనొప్పులెన్ని, ఇతరములు. ఇరవై ఏడేళ్లుగా నాలుగో గడిని ఖాళీగానే వదిలేశాను. ఈ రోజు నుంచి నింపుతాను. మా చెల్లెలి సంగతి అంకెల్లో పట్టేలా లేదు.

పొద్దున దీపపు బొత్తం నొక్కి, తూర్పుకు తిరిగి అమ్మవారి ముందు నిలబడ్డాను. ఆకాశంలో తిరుగుతున్న ఈ చక్రానికి మా తాతలు రాట్నం అని పేరు పెట్టుకున్నారు. దాని అంచు లోపల మా ఇళ్లు. అది తిరుగుతున్నంతసేపే మా కాళ్లకు నేల. ఎటు పరిగెడుతుందో అదే తూర్పు. ఇక్కడ గుడి చుట్టూ ఎవరూ తిరగరు. మనిషి నిలబడితే చాలు, ప్రదక్షిణ రాట్నమే చేయిస్తుంది. చుట్టుకు ఇరవై సెకన్లు. నూటెనిమిదికి ముప్పై ఆరు నిమిషాలు. ఈ మధ్య డెబ్భై దాటితే మోకాళ్లు పీకుతున్నాయి. అయినా కూర్చోను.

నొప్పి గదికి పదకొండు మంది వచ్చారు. పదకొండూ ఒకే రకం మెడలు. ఇక్కడ పిల్లకు నడక రాగానే నేర్పే మొదటి మాట: తల తిప్పకు, మనిషే తిరుగు. తిరిగే చోట మెడ ఒక్కటే విసురుగా తిప్పితే నేల లేచి గోడవుతుంది, తిన్నది బయటికొస్తుంది. అందుకని వెనక నుంచి ఎవరు పిలిచినా పాదాలతో సహా తిరిగి పలుకుతాం. అదే మర్యాద కూడా అయింది. మూడు తరాలకు మా మెడలు స్తంభాలయ్యాయి. తలనొప్పులు ఇంటి మనుషులయ్యాయి.

సాయంత్రం దమయంతి వచ్చింది. నా చెల్లెలు, నలభై నాలుగేళ్లది. అక్కను మేం అప్ప అంటాం. ఇరుసు దగ్గర రేవులో పని. వచ్చే ఓడలను చూసి, పట్టి, కట్టాలి. ముఖానికి పెద్ద కళ్లద్దాల టోపీ. అక్కడ దానికి బరువుండదు గాని ఊపుంటుంది. తల తిప్పిన ప్రతిసారీ ఆ ఊపును మెడే ఆపాలి. ఎనిమిది గంటలు అలా ఆపి, కిందికి దిగాక స్తంభంలా నడవాలి.

"అప్పా, పేరు రాయించేసినాను" అంది.

"ఏ పేరు?"

"నా పేరే. నరం కోతకి. నూట నలభయ్యో రోజుకి డాక్టర్ల ఓడొస్తాది. పట్టీలో మొదటి పేరు నాదే."

నేను కుర్చీ తూర్పుకు జరిపి, కూర్చోమన్నాను.

"పోయిన వారం అయిదుసార్లొచ్చింది. రెండు నాగాలు. ఇంకో రెండైతే రేవు నించి తీసేస్తారంట. తీసేస్తే నానేటి సెయ్యాలి? కింద నాచు తొట్లు కడుక్కోవాలా?"

రాట్నం మొత్తానికి కిటికీ ఉన్నది రేవులోనే. భర్త పోయాక అది ఆ కిటికీ కోసమే బతుకుతోందని నాకు తెలుసు.

నరం కోత అంటే తల వెనక నుంచి పైకి పాకే నరాలను తెంపడం. నొప్పి పోతుంది. నొప్పితో పాటు వెనక తలా పోతుంది. దువ్వెన పెట్టినా తెలియదు, జడ లాగినా తెలియదు. పోయిన ఓడకు ఏడుగురు చేయించుకున్నారు. అందులో ఇద్దరికి మెడ నిలవడం లేదు. గొంతు కింద పట్టీ కట్టుకుని తిరుగుతున్నారు. తెంపినదాన్ని మళ్లీ అతికేవాళ్లు లేరు.

ఎడమకు పద్దెనిమిది డిగ్రీలు. కుడికి పదిహేను. తలనొప్పులు అయిదు.

రోజు 115

దమయంతికి వరుసగా మూడు రోజులు చేశాను. తూర్పు ముఖంగా కుర్చీలో కూర్చోబెట్టి, మెడ మీద వేడి గుడ్డ పది నిమిషాలు. తర్వాత పుర్రె కింది అంచున, రెండు పక్కలా, వేళ్లు ఆనించి పట్టడం. నలపకూడదు. ఊరికే పట్టి ఉంటే కండరం తనంతట తాను వదులుతుంది. తర్వాత గడ్డం లోపలికి లాక్కోవడం, పది లెక్కపెట్టడం. రెక్క ఎముకలు దగ్గరికి తెచ్చి వదలడం.

ఇంతవరకు ఎవరికైనా బాగానే ఉంటుంది. చివరిదే కష్టం. బిగిసిన మెడను కొంచెం కొంచెంగా తిప్పి అలవాటు చెయ్యాలి. పద్దెనిమిది దగ్గర దమయంతి నా మణికట్టు పట్టుకుంది. ఇరవై దగ్గర బేసిన్ అడిగింది. కక్కుకున్నాక గంటకు ఒంటికణత నొప్పి మొదలైంది.

"నీ వైద్యానికన్నా ఆ నొప్పే నయమప్పా" అంది, కళ్ల మీద తడిగుడ్డ వేసుకుని.

కోపంగా అనలేదు. అందుకే గుచ్చుకుంది.

మైగ్రేన్ మెడలో పుట్టదు. కానీ బిగిసిన మెడ దాన్ని మాటిమాటికీ లేపుతుంది. మెడ వదిలితే అయిదు మూడవుతాయి, మూడు రెండవుతాయి. అంతకన్నా ఎవరికీ మాటివ్వలేదు. ఇరవై ఏడేళ్లలో ఏ మెడా ఇరవై అయిదు దాటలేదు. అంతే రాసి పెట్టి ఉందనుకున్నాను.

రోజు 118

నీళ్ల గొట్టాలు మార్చేవాళ్లొచ్చి గది నేల సగం లేపేశారు. మిగిలింది పక్క గోడల మధ్య అడ్డంగా ఒక పట్టీ. అప్పుడే గవరయ్య తాత వచ్చాడు. ఎనభై రెండేళ్లు. గుండె బాగాలేదు, నోరు బాగుంది. కూర్చుంటే నడుం ఆగదు కాబట్టి ఆయనకు బల్ల మీదే చేస్తాను.

"బల్ల నిలువుగా పట్టదు తాతా. వచ్చే వారం రా."

"అందాకా ఈ తలకాయ నువ్వు మోస్తావేటి?"

"అడ్డంగా తప్ప చోటు లేదు."

ఆయన ఒక్క క్షణం ఆగాడు. ఎవరైనా ఆగుతారు. మా ఇళ్లలో మంచాలన్నీ నిలువే. రాట్నం పరుగు వెంట, తల తూర్పుకు. అడ్డంగా పడుకోబెట్టేది పోయినవాళ్లనే. రాట్నం పక్క గోడలో దక్షిణపు తలుపు ఉంది. కాళ్లు అటు పెడతాం, ఆ తలుపులోంచే పంపుతాం. ఈ వార్డులో ఆ పని చేసేది కూడా నేనే. నీళ్లు పోసి, బట్ట కట్టి, మెడ నిదానంగా పట్టి ఈ బల్ల మీదే అడ్డంగా పెడతాను. మెడలు తెలిసిన చేతులని నాకు అప్పజెప్పారు.

గవరయ్య తాత బల్ల ఎక్కేశాడు. "సరే కానీ. అలవాటు మీద బొటనేళ్లు రెండూ కలిపి కట్టీకు. ఇంటికి నడిసెల్లాల."

నాకు నవ్వు రాలేదు. లోపల అమ్మవారిని తలుచుకుని వేడి గుడ్డ వేశాను.

పది నిమిషాల తర్వాత తల ఎడమకు తిప్పడం మొదలుపెట్టాను. ఆయన ఎప్పుడో చేపల తొట్టి దగ్గర జరిగిన తగువు చెబుతున్నాడు. ఇరవై రెండు దగ్గర ఎప్పుడూ నా చెయ్యి పట్టుకుంటాడు. పట్టుకోలేదు. ముప్పై. తగువు ఇంకా నడుస్తోంది. ముప్పై అయిదు.

"తాతా, నేల లేస్తోందా?"

"ఏ నేల? సెప్పనీవే! అప్పుడు వాడు నా గిన్ని లాక్కున్నాడా..."

ముప్పై ఎనిమిది దగ్గర నేనే భయపడి ఆపేశాను.

రోజు 119

దమయంతికి చెప్పాను. అది ఆశ్చర్యపోలేదు.

"ఇరుసు ఎటు పొడుగో ఎన్నెముక అటు పెట్టినావు. ఇంక తల తిప్పినా సెవిలో నీళ్లకి తేడా తెల్దు. రేవులో సేరిన మొదటి రోజు సెప్పే పాఠమే ఇది."

"పాతికేళ్లుగా తెలుసా నీకు?"

"తెలుసు."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"మంచం అడ్డంగా తిప్పొచ్చని ఎవులనుకున్నారప్పా? నానూ అనుకోలేదు."

రాట్నంలో చదువుకున్నవాళ్లు రెండు వందల మంది ఉంటారు. అందరికీ ఆ పాఠం తెలుసు. అందరికీ తలనొప్పి ఉంది. ఒక్కరి చెయ్యీ మంచం మీదికి పోలేదు. నా చెయ్యి మాత్రం వారం విడిచి వారం ఎవరో ఒకరిని అడ్డంగా పెడుతూనే ఉంది.

"రా, పడుకో" అన్నాను.

"వొద్దు."

"ఇప్పుడే కదా నువ్వే చెప్పావు."

"బుర్రకి తెలుసప్పా." లేచి నిలబడింది. "అమ్మనలగే పెట్టినావు. ఆయన్నీ అలగే పెట్టినావు. నీ సేతుల్తోనే, ఇదే బల్ల మీద. ఇప్పుడు నన్ను రమ్మంటావు. నరం తెంచుకుంటాను గాని ఆ బల్ల ఎక్కలేను."

నిజమే. నేను చెయ్యి చాచినప్పుడల్లా అది చూసేది ఆ రెండు రోజులనే.

ఇరవై ఒక్క రోజులున్నాయి.

రోజు 123

గవరయ్య తాతను ఇంట్లో కూడా చేసుకోమన్నాను. మెడ కింద చిన్న తుండు చుట్టి, నేల మీద అడ్డంగా పడుకుని, రోజుకు రెండు పూటలు, పదేసి సార్లు. నెమ్మదిగా. నొప్పి వస్తే ఆపెయ్యాలి. కోడలికి చెప్పమన్నాను. ఆయన చెప్పలేదు.

కోడలు నరసాయమ్మ నాచు తొట్ల దగ్గర నుంచి వచ్చేసరికి మామగారు అడ్డంగా, కళ్లు మూసుకుని, కదలకుండా ఉన్నాడు. కేక పెట్టింది. వీధి వీధంతా వచ్చింది. ఒకావిడ పసుపు తెచ్చింది. ఇద్దరు ఏడుపు అందుకుని ఆయన మంచితనం వరసపెట్టి చెప్పడం మొదలుపెట్టారు. నాకు కబురొచ్చి, నీళ్ల చెంబుతో వెళ్లేసరికి ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నరసాయమ్మ ఆయనను తిడుతోంది.

"ఓలమ్మో, నా గుండె ఆగిపోనాది! బతికున్నోడివి పలకొద్దేటి మావా?"

"ఎలగ పలుకుతానే? లేస్తే ఆపేస్తారు. నా గురించి అన్ని మంచి మాటలు ఈ ఎనభై యేళ్లలో ఎవులన్నారు? ఇంకో రెండున్నాయేమో అని ఆగినాను."

పసుపు తెచ్చినావిడ నవ్వలేక, ఏడవలేక వెళ్లిపోయింది. నరసాయమ్మ నా వైపు పాదాలతో సహా తిరిగింది. "నువ్వు సెప్పినావంట గదా పెద్దప్పా. నువ్వేనా?"

"నేనే."

ఇంకేం అనలేదు. అనడానికి చాలా ఉన్నట్టు మాత్రం చూసింది.

తాతకు ఎడమకు నలభై నాలుగు. కుడికి నలభై. ఈ వారం తలనొప్పి ఒకటి. పోయిన వారం నాలుగు.

రోజు 125

వార్డు పెద్ద లోకనాథం గారు నొప్పి గదికి వచ్చారు. నాకంటే అయిదారేళ్లు పెద్ద. నన్ను అందరిలాగే పెద్దప్ప అంటారు.

"గొట్టాల పని అయిపోయింది గదా. బల్ల ఇంకా అడ్డంగానే ఉందేం?"

"అలా ఉంటేనే పని అవుతోంది."

"నువ్వు పూజలు సేసే మనిషివి పెద్దప్పా. ఇంకెవులైనా సేస్తే తెలివితక్కువ అనుకుంటాను. నువ్వు సేస్తే ఏటనుకోవాల? పిల్లలు ఆట మొదలెట్టినారు. అడ్డంగా పడుకుని శవం శవం అని ఆడతన్నారు. తల్లులొచ్చి నా గుమ్మం ముందు కూకున్నారు."

"తాతకు నొప్పి తగ్గింది."

"తగ్గనీ. ఆ నొప్పి నా తలకీ ఉంది." మాట్లాడుతూనే బొటనవేలితో కణత నొక్కుకున్నారు. "నొప్పికోసం గుమ్మంలోకి ఏటి పిలుస్తున్నామో సూసుకోవాలి గదా. బల్ల తిప్పీ."

బల్ల నిలువుకు తిప్పాను. నాతో పాటు ఆయనా ఒక పక్క పట్టుకున్నారు.

అమ్మవారి ముందు నూటెనిమిది చుట్లూ నిలబడ్డాను. ఏమీ అడగలేదు. ఏం అడగాలో తెలియలేదు. నేను కూడా ఆ దిక్కుకు భయపడే పెరిగాను. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు.

రోజు 129

దమయంతికి ఈ వారం నాలుగు. ఒక నాగా. ఇంకొకటి మిగిలింది.

నిలువు బల్ల మీద వేడి గుడ్డ, పుర్రె కింద వేళ్లు. అంతవరకే. నా బొటనవేళ్ల కీళ్లు వాచాయి. దమయంతి వాటిని చూసి, "నీకెవులు పడతారప్పా?" అంది. ఎవరూ పట్టరు.

గవరయ్య తాత ఇంట్లో మానలేదట. నరసాయమ్మ గుమ్మానికి తెర కట్టిందట. అడ్డంగా పడుకునే ముందు ఆయన "ఉన్నానే!" అని ఒకసారి, మధ్యలో ఒకసారి, లేచాక ఒకసారి కేకెయ్యాలట. అది ఆవిడ పెట్టిన షరతు. వీధిలో పోయేవాళ్లకు అది వినబడుతోంది.

రోజు 131

గవరయ్య తాత పొద్దున గంజి తాగుతూ కూర్చున్నచోటే ఒరిగిపోయాడు.

వీధిలో మాట నాకన్నా ముందు నడిచింది. అడ్డంగా పడుకుని పిలుచుకున్నాడు, పిలిస్తే వచ్చింది. నేను నడుస్తుంటే మాట్లాడేవాళ్లు ఆగిపోయారు.

మా వార్డు డాక్టరమ్మ చూసి గుండె అంది. ఏడాది క్రితం నుంచీ రాస్తూనే ఉన్నానంది. నేను ఒకటి అడిగాను. మెడ తిప్పడం వల్ల, లోపల రక్తనాళం ఏదైనా... ముసలి మెడల్లో అది జరుగుతుంది, నాకు తెలుసు. ఆవిడ కళ్లు, నాలుక, చేతులు మళ్లీ చూసింది. కాదంది. "ఖాయమా?" అన్నాను. "నాకు తెలిసినంతవరకు" అంది.

నాకూ అంతవరకే దొరికింది. గట్టిగా ఎప్పుడూ తిప్పలేదు. ఒక్కసారి కూడా. ఈ మాట నాలుగుసార్లు రాసి కొట్టేసి అయిదోసారి ఉంచాను.

తాతను నొప్పి గదికి తెచ్చాక నీళ్లు పోశాను. బట్ట కట్టాను. గుమ్మం నిండా జనం. లోకనాథం గారు ముందున్నారు. దమయంతి రేవు బట్టల్లోనే వచ్చి, గోడ పక్కన నిలబడింది. బల్ల అడ్డంగా తిప్పాలి. నలుగురు సిద్ధంగా ఉన్నారు.

అప్పుడు నాకు తోచింది. పడుకోబెట్టేది నేను. అడ్డం అంటే చావు అని ఈ వార్డుకు ఇరవై ఏళ్లుగా చూపిస్తున్నది నా చేతులే. బతికున్నవాళ్లకు ఆ చోటు కావాలంటే పోయినవాళ్లే కొంచెం జరగాలి.

నరసాయమ్మ దగ్గరికి వెళ్లి పక్కన కూర్చున్నాను.

"అమ్మా, నిన్నొకటి అడగాలి. వద్దంటే మళ్లీ అడగను. తాతను నిలువుగానే పెట్టనా? తల తూర్పుకు. రోజూ పడుకున్నట్టు."

ఆవిడ కొంగు విప్పి మళ్లీ దోపుకుంది.

"ఈ పదమూడు రోజులూ మామ గంజి అడిగి తాగినాడు పెద్దప్పా" అంది. "అంతకు ముందు నాను బతిమాలాల. తలకాయ పట్టుకుని, గోడకి తిరిగి, తిట్టీవోడు. ఈ పదమూడు రోజులూ తిట్టనేదు." ముక్కు తుడుచుకుంది. "నీవల్లే పోనాడని అందరూ నా సెవిలో సెప్పినారు. నానేటి సెప్పాల? పెట్టు. నిలువుగానే పెట్టు. పడుకున్నట్టుంటాడు."

బల్ల తిప్పొద్దని నలుగురికీ చెప్పాను.

లోకనాథం గారు గొంతు తగ్గించి అన్నారు. "దక్షిణపు తలుపు కాడ ఎలాగూ తిప్పాలి గదా. ఇక్కడ తిప్పకపోతే ఏటొస్తాది?"

"అక్కడ తిప్పుదాం. అది దారి, పడక కాదు."

"ఇన్నాళ్లూ సేసింది తప్పా మరి?"

"తెలియదు. ఇవాళ ఇలా చేస్తాను."

ఒకరిద్దరు వెళ్లిపోయారు. పిలవలేదు. తల కింద చెయ్యి పెట్టి, నిదానంగా, తూర్పుకు దించాను. బతికున్నప్పుడు ఎంత బిగిసిన మెడైనా పోయాక కాసేపు వదులుగా ఉంటుంది. అది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

తలెత్తి చూస్తే దమయంతి నన్ను చూడడం లేదు. ఆయననే చూస్తోంది.

రోజు 133

లోకనాథం గారు కబురు పెట్టారు. పోయినవాళ్లకు నీళ్లు పోసే పని ఇక నాది కాదట. చెంబు ఇచ్చెయ్యమన్నారు. కడిగి ఇచ్చాను. ఇకమీద ఎటు పడుకోబెట్టాలో వార్డు కూర్చుని తేలుస్తుందట. ఎప్పుడు కూర్చోవాలో తేలలేదట.

నొప్పి గదిలో బల్ల మాట ఆయన ఎత్తలేదు. నేను మధ్యాహ్నం దాన్ని అడ్డంగా తిప్పాను. ఒక్కదాన్నే తిప్పేసరికి ఆయాసం వచ్చింది. అయిదుగురు రావాల్సింది, ఇద్దరే వచ్చారు. ఇద్దరూ బల్లను చూశారు. ఒకామె వెళ్లిపోయింది. రెండో ఆమె చెప్పులు విప్పి ఎక్కింది.

చేతికి చెంబు లేదు. వార్డులో ఎవరైనా పోతే నన్ను పిలవరు. తేలికగా ఉంటుందనుకున్నాను. లేదు.

రోజు 136

దమయంతి మధ్యాహ్నమే వచ్చింది. చున్నీతో కళ్లు కట్టుకుని, గోడ పట్టుకుని. ఎడమ కణత. వెలుగు పడడం లేదు. రేవు పని సగంలో వదిలి వచ్చింది. అదే నాలుగో నాగా అవుతుందా, సగమే రాస్తారా, దానికి తెలియదు.

గదిలో దీపాలన్నీ ఆపేశాను.

"అప్పా."

"ఊఁ."

"ఇప్పుడు అడ్డంగా పడుకుంటే ఏటవుతాది?"

"ఏమీ కాదు."

"అలగ కాదు, సరిగ్గా సెప్పు. సూసినోళ్లు పోయినాదనుకుంటారా, పడుకున్నాదనుకుంటారా?"

"ఇప్పుడైతే వాళ్లకే తెలియదు" అన్నాను.

నొప్పిలోనే చిన్నగా నవ్వింది. తర్వాత చేత్తో తడుముకుంటూ బల్ల అంచు వెతికింది. నేను పట్టలేదు. చెయ్యి చాచితే ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను. తనే ఎక్కింది. తనే పడుకుంది. ఒళ్లంతా కట్టెలా బిగబట్టుకుంది. ఊపిరి ఆగి ఆగి వస్తోంది.

"మాట్లాడతా ఉండప్పా. నిశ్శబ్దంగా ఉంటే అమ్మలా ఉంటాది."

మాటలు నాకు తక్కువ. ఏం చెప్పాలో తెలియక, ఈ రోజు ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, గంజిలో ఉప్పు ఎక్కువైంది, ఇవన్నీ చెప్పాను. ఉప్పు మాట దగ్గర దాని భుజాలు కొంచెం దిగాయి. అప్పుడు అడిగి, పుర్రె కింద వేళ్లు పెట్టాను. నుదుటి మీద చల్లని గుడ్డ. నొప్పి ఉన్నప్పుడు మెడ తిప్పకూడదు. తిప్పలేదు. గంటన్నరకు నిద్రపోయింది.

నేను దాని పొట్ట వైపు చూస్తూ కూర్చున్నాను. పైకి లేస్తోంది, దిగుతోంది. నాకూ ఆ భయం పోలేదని అప్పుడు తెలిసింది.

రోజు 137

నొప్పి లేదు. తిప్పాను. ఎడమకు ఇరవై నాలుగు. కుడికి ఇరవై. నేల లేవలేదు. బేసిన్ అక్కరలేకపోయింది. సగం రోజు సెలవుగా రాశారట, నాగాగా కాదు.

రోజు 138

ఎడమకు ఇరవై తొమ్మిది. కుడికి ఇరవై ఆరు. "పట్టీలోంచి పేరు తీయించేస్తావా?" అని అడిగాను. "సూద్దాం" అంది.

రోజు 139

మళ్లీ వచ్చింది. మునుపటి కంటే తేలికే గానీ వచ్చింది. రెండు గంటలు. పని మానలేదు. సాయంత్రం బల్ల ఎక్కలేదు. కుర్చీలో కూర్చుని, "నీ వల్ల పూర్తిగా పోదు గదప్పా?" అంది.

"పోదు."

"ఎంత తగ్గుతాది?"

"అయిదు మూడు కావచ్చు. రెండు కావచ్చు. రోజూ చెయ్యాలి. మానేస్తే మళ్లీ బిగుసుకుంటుంది."

"కోతకైతే ఒక్క పూట."

"అవును."

అబద్ధం చెప్పి ఉంటే ఉండేది. నోరు రాలేదు. అది లేచి వెళ్లిపోయింది. అమ్మవారి ముందు నిలబడి, నలభై చుట్ల దగ్గర కూర్చుండిపోయాను. కూర్చునే మిగతావి లెక్కపెట్టాను.

రోజు 140

డాక్టర్ల ఓడ వచ్చింది. దాన్ని పట్టి కట్టింది దమయంతే. ఈ రోజు రేవులో వంతు దానిదే. ఎడమ తాడు, కుడి తాడు, ముక్కు, మూడూ ఒకదాని వెంట ఒకటి చూడాలి. తల ఎంత తిప్పాలో అంతా తిప్పాలి. ఒక్కసారికే కుదిరిందని తర్వాత ఎవరో చెప్పారు.

కోత గది ఇరుసు దగ్గరే వేశారు. పని దిగాక దమయంతి రెండడుగులు పక్కకు వేస్తే చాలు, అక్కడే పడుకోవచ్చు. నేను నొప్పి గదిలో గుడ్డలు ఉడకబెడుతూ కూర్చున్నాను. మాలలో పూసలా ఒకటే మాట తిప్పుకుంటున్నాను. దానికి ఏది మంచిదో అది. నాకు ఏది కావాలో అది కాదు.

నాలుగు గంటలకు గోడ మీది మాటల పెట్టెలో పేర్లు పిలవడం మొదలుపెట్టారు. మొదటి పేరు దమయంతిది.

తెర కదిలింది. టోపీ అచ్చు ఇంకా దాని నుదుటి మీద ఎర్రగా ఉంది. గదంతా చూసింది. బల్లను చూసింది.

"గుడ్డ మరీ ఏడిగా ఉందేటి?"

"లేదు. సరిగ్గా ఉంది."

చెప్పులు విప్పింది. ఎక్కి, కాళ్లు దక్షిణపు గోడ వైపు చాపుకుంది.

"భయంగానే ఉందప్పా. పోలేదు. ఇలగే మొదలెట్టీ."

పెట్టెలో దాని పేరు రెండోసారి పిలిచారు. నేను గోడ వైపు చూశాను. అది చూడలేదు. గుడ్డ మీద మెడ సర్దుకుంటోంది.

ఈ ఓడ మళ్లీ ఎనిమిది నెలలకు గాని రాదు. అప్పటికి నా చేతులు ఏపాటి పనిచేస్తాయో, దాని మెడ ఎంత వదులుతుందో, నాకు తెలియదు. దానికీ తెలియదు. తెలియదని తెలిసే పడుకుంది.

తల కింద చేతులు పెట్టాను. ఎడమకు ఇరవై. ముప్పై. ముప్పై మూడు.

మూడోసారి పిలిచారు.

"ఇంకొంచెం తిరుగుతాదప్పా" అంది దమయంతి. "తిప్పు."

ముప్పై ఆరు.